మా పెదనాయన అడగని ప్రశ్న

నేను ఆరో తరగతిలో ఉన్నప్పటి మాట. ఓ సాయంత్రం కొనకనమిట్లలో మా పెదనాయన్ను పోలీసులు జీపెక్కించుకుని పోయారు. ఎవరో చేసిన నేరం, అదే పేరు, అదే ఇంటిపేరు! రెండు రాత్రులు కూర్చోబెట్టి, మూడోనాడు పొద్దున్నే 'నువ్వు కాదులే, పో' అన్నారట. ఇంటికొచ్చాడు, స్నానం చేశాడు, కందిచేలోకి వెళ్లిపోయాడు.

'వాళ్లను అడగలేదా పెదనాయనా?' అన్నాను.

'గవర్నమెంటోళ్లను అడిగేదేందిరా! ఎండను అడుగుతామా, వానను అడుగుతామా?' అన్నాడు.

అడిగినవాళ్లున్నారని నాకు పత్రికలోకి వచ్చాకే తెలిసింది. అదీ ఎక్కడో కాదు. గిద్దలూరు దాటి నల్లమల కనుమ దిగితే నంద్యాల, ఆ తరువాత కోయిలకుంట్ల. 1977 మే నెలలో అక్కడి సబ్‌జైల్లో చల్లా చిన్నప్పరెడ్డి, ఆయన కొడుకు రామకృష్ణారెడ్డి రిమాండు ఖైదీలు. తమకు ప్రాణభయం ఉందని ముందే చెప్పుకున్నారు. అయినా సరైన కాపలా లేదు. ఓ తెల్లవారుజామున దుండగులు జొరబడి వాళ్ల గదిలోకి బాంబులు విసిరారు. తండ్రి చనిపోయాడు, కొడుకు గాయాలతో బయటపడ్డాడు.

ఆ కుటుంబం పది లక్షల నష్టపరిహారానికి ప్రభుత్వం మీద దావా వేసింది. గడువు దాటిందని కింది కోర్టు కొట్టేసింది. జైళ్ల నిర్వహణ సార్వభౌమాధికారంలో భాగం, మమ్మల్ని అడగకూడదన్నది సర్కారు వాదన. 1964లో కస్తూరిలాల్ కేసులో సుప్రీంకోర్టు అలాగే అంది మరి! మీరట్ పోలీసులు పట్టుకున్న బంగారాన్ని హెడ్‌కానిస్టేబులే కాజేసి పాకిస్తాన్ పారిపోయినా, సొంతదారుకు పైసా రాలేదు.

కానీ మన హైకోర్టు 1989లో ఆ వాదన ఒప్పుకోలేదు. ప్రాణానికి రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన రక్షణ ముందు ఈ సాకు నిలవదంది. లక్షా 44 వేల రూపాయలు వడ్డీతో సహా ఇమ్మంది. 2000 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టూ దాన్నే ఖాయం చేసింది. జైల్లో ఉన్నంతమాత్రాన మనిషి ప్రాథమిక హక్కులు పోవని చెప్పింది. అప్పటికి ఇరవై మూడేళ్లు గడిచాయి.

మరి ఆ డబ్బు ఎవరిది? ఖజానాది. అంటే మనదే! తప్పు చేసిన ఉద్యోగి జేబు చెక్కుచెదరదు. లక్నో అభివృద్ధి సంస్థ కేసులో 1993లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి పట్టించుకుంది. ముందు ప్రజాధనం నుంచి చెల్లించినా, బాధ్యులైన అధికారుల నుంచి రాబట్టాలంది. ఆ మాట ఎన్ని ఆఫీసుల్లో అమలవుతోందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ప్రభుత్వ బాధ్యతపై ఓ చట్టం తేవాలని లా కమిషన్ 1956లోనే సిఫారసు చేసింది. 1967లో పార్లమెంటులో బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. ఇప్పటికీ హైకోర్టులో రిట్టో, సివిల్ కోర్టులో దావానో వేసుకోవాల్సిందే. అందుకు డబ్బూ కావాలి, ఓపికా కావాలి.

మొన్న ఊరెళ్లినప్పుడు పెదనాయనకు ఈ కథంతా చెప్పాను. మంచం మీద కూర్చుని శ్రద్ధగా విన్నాడు.

'డబ్బు సరే నాయనా, తప్పయిందని ఒక్కడన్నా వచ్చి చెప్పాడా?' అన్నాడు.

ఆయన ఇన్నేళ్లూ అడగని ప్రశ్న అదేనని అప్పుడర్థమైంది.