నా కంచం వేరు, మా అమ్మాయి బాక్సు వేరు



పోయిన పీటీఎంలో మ్యాథ్స్ సార్ దగ్గర క్యూలో నిలబడి ఉంటే, వెనకాల ఉన్న ఒకావిడ "బాగా తగ్గారండీ, ఏం తింటున్నారేంటి?" అని అడిగారు. అన్నం తగ్గించానండీ అన్నాను. "అయితే మా బాబుక్కూడా మొదలుపెట్టాలి, బొద్దుగా అయిపోతున్నాడు" అన్నారావిడ. అంతలో నా వంతు వచ్చేసింది. చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోయింది. ఆవిడ ఈ పేజీ చదువుతున్నారో లేదో గానీ, ఆ మాట మీ అందరికీ చెబుతున్నాను.

మా చిన్నవాడు కడుపులో ఉన్నప్పుడు నాకు షుగర్ వచ్చింది, కాన్పు కాగానే పోయింది. ఇలా వచ్చి పోయినవాళ్లకి తర్వాత షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ, పరీక్షలు చేయించుకుంటూ ఉండమని అప్పుడే చెప్పారు. మనకి టర్మ్ ఫీజు గడువులు గుర్తుంటాయి, యూనిట్ టెస్ట్ సిలబస్ గుర్తుంటుంది, మన రక్తపరీక్ష మాత్రం గుర్తుండదు. వాడు నాలుగో తరగతికి వచ్చాక గానీ నేను ల్యాబ్‌కి వెళ్లలేదు. హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. గత మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష అది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే షుగర్ గుమ్మం దాకా వచ్చినట్టు, 6.5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఇంట్లోకి వచ్చేసినట్టు. డాక్టరుగారు మందు రాయలేదు. ముందు కంచం మార్చమన్నారు.

మాది విజయవాడ. పొద్దున ఇడ్లీలో దోసెలో, మధ్యాహ్నం పప్పుతో ఒకసారి, పులుసుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి అన్నం, రాత్రికి మళ్లీ అదే వరస. ఒకరోజు నా వాటా బియ్యం విడిగా తూచి చూసుకున్నాను. రెండు పూటలకీ కలిపి పావుకిలో! వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థమే సుమారు 78 గ్రాములు ఉంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మనం తినే మొత్తం శక్తిలో బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 45 శాతం దాటకూడదు. నాలాగా రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసే ఆడవాళ్లకి ఆ సంస్థ లెక్కలో 1660 కిలోకేలరీలు చాలు. నాకు అందులో సగానికి పైగా ఒక్క బియ్యం నుంచే వస్తోంది.

ఇక నేను చేసిన తెలివితక్కువ పనులు. మొదటి వారం అన్నం మొత్తంగా మానేశాను. ఏడెనిమిదేళ్ల క్రితం మన ఇళ్లలో కొబ్బరినూనె, నిమ్మకాయల హడావుడి మీకు గుర్తుండే ఉంటుంది. అప్పట్లో చేసిన మా ఆడపడుచు ఫోన్‌లో ధైర్యం చెప్పింది. మూడో రోజుకి తలనొప్పి, నీరసం. అన్నిటికీ మించి చిరాకు. హోంవర్క్‌లో చిన్న తప్పుకి మావాడి మీద అరిచిన అరుపు పక్క ఫ్లాట్‌కి వినబడింది. "అన్నం మానేసింది నువ్వు, శిక్ష పిల్లాడికా?" అన్నారు అత్తయ్య.

తర్వాత రెండో తప్పు. అన్నం బదులు రాగిసంకటి, జొన్నరొట్టెలు "మంచివే కదా" అని కడుపునిండా తిన్నాను. వాటిలో పీచు ఎక్కువ, నిజమే. కానీ రాగుల్లో, జొన్నల్లో కూడా వందకి 67 గ్రాముల దాకా పిండిపదార్థమే. పేరు మారింది, లెక్క పెద్దగా మారలేదు.

చివరికి కుదిరినదేమిటంటే, మధ్యాహ్నం ఒక్క గరిటె అన్నం, దానికి మూడింతలు కూర, గట్టిపప్పు, గుడ్డో చేపో, మజ్జిగ. పొద్దున ఉప్మా లేని పెసరట్టు. సాయంత్రం ఉడికించిన శనగలు. రాత్రికి అన్నం లేదు, కూర, పనీరో ఆమ్లెట్టో. రెండు వంటలు చేయడం లేదు, అదే వంటలో కూర ఎక్కువ వండుతున్నాను. కూరగాయల ఖర్చు పెరిగింది, దాచడం ఎందుకు. అత్తయ్య కంచం జోలికి మాత్రం వెళ్లలేదు. ఆవిడ షుగర్ బిళ్లలు వాడతారు. బిళ్లలో ఇన్సులినో వాడేవాళ్లు ఉన్నపళంగా అన్నం తగ్గిస్తే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంది, డాక్టరుతో మాట్లాడకుండా చేయకూడదు.

ఇంతవరకు బాగానే ఉంది. రెండు నెలలు గడిచాయి. ఒక గురువారం మధ్యాహ్నం క్లాస్ టీచర్ ఫోన్ చేశారు. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి గేమ్స్ పీరియడ్‌లో కళ్లు తిరిగి కూర్చుండిపోయిందట. "ఇప్పుడు బాగానే ఉందండీ, గ్లూకోజ్ ఇచ్చాం. లంచ్ సరిగా తింటోందా?" అని అడిగారు. రోజూ బాక్సు ఖాళీగానే వస్తోందని చెప్పాను. అదే బస్సులో వచ్చే మావాడు ఆ సాయంత్రం గుట్టు విప్పాడు. "అక్క అన్నం తినదమ్మా. కూర తినేసి అన్నం ఫ్రెండ్స్‌కి పెట్టేస్తుంది. ఒక్కోసారి పారేస్తుంది."

సన్నగా అవ్వాలనే పిచ్చి పట్టుకుందేమో అనుకున్నాను. ఆ వయసు పిల్లల గురించి మనం ముందు అనుకునేది అదే కదా. రాత్రి పక్కన కూర్చుని మెల్లగా అడిగితే, కాసేపు గోడకేసి చూసి, "నాయనమ్మకి షుగరు. నీకు వచ్చేస్తోంది. తర్వాత నాకే కదా?" అంది. "అన్నమే విషం అని నువ్వే ఫోన్‌లో అత్తకి చెప్పావుగా."

చెప్పాను. ఒకసారి కాదు, చాలాసార్లు చెప్పాను. వంటింట్లో నిలబడి, స్పీకర్ పెట్టుకుని, "ఇన్నాళ్లూ విషం తిన్నాం వదినా" అని నవ్వుతూ అన్నాను. పక్కగదిలో సోషల్ చదువుకుంటున్న పిల్ల అది రాసిపెట్టుకున్నట్టు గుర్తుపెట్టుకుంది. రెండు నెలలు ఆ భయాన్ని ఒక్కతే మోసింది.

మర్నాడు దాన్ని మా డాక్టరుగారి దగ్గరికే తీసుకెళ్లాను. ఆయన నాతో కాకుండా దానితోనే మాట్లాడారు. ఇంట్లో షుగర్ ఉంటే రేపు నీకు కొంచెం జాగ్రత్త అవసరమే, కానీ ఆ జాగ్రత్త ఆడుకోవడం, నిద్రపోవడం, కూల్‌డ్రింకులు, బేకరీ తిళ్లు తగ్గించడం, అన్నం పారేయడం కాదు అన్నారు. ఆ తర్వాత ఒక కాగితం మీద రెండు అంకెలు రాశారు. అమ్మకి 1660. 13 నుంచి 15 ఏళ్ల అమ్మాయికి 2400. "మీ ఇంట్లో నీకే ఆకలి ఎక్కువ వేయాలి" అన్నారు. ఆ కాగితం ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఉంది.

ఇంట్లో కొన్ని మాటలు మానేశాం. విషం, చెత్త తిండి, లావైపోతావ్ లాంటివి. మావారికి ఇంకా అప్పుడప్పుడూ నోరు జారుతుంది, మావాడు వెంటనే పట్టుకుంటాడు. నా తిండి గురించి ఎవరైనా అడిగితే "నాకు డాక్టరు చెప్పారు" అంటున్నాను, పిల్లలకి వినబడేలా. వాళ్ల బాక్సుల్లో అన్నం అన్నంలాగే ఉంది. పప్పు, గుడ్డు, కూర పెంచాను. అది వాళ్లకీ మంచిదే. క్యూలో అడిగిన అమ్మా, మీ బాబు సంగతి పిల్లల డాక్టరుకి చూపించండి. నా డైట్ మాత్రం వాడికి పెట్టకండి.

మూడు నెలల తర్వాత నా హెచ్‌బీఏ1సీ 5.8కి వచ్చింది. ఇంకా గుమ్మంలోనే ఉంది, మళ్లీ పరీక్ష వచ్చే నెల. ఆ తేదీని మా అమ్మాయి తన యూనిట్ టెస్టుల పక్కనే క్యాలెండర్‌లో గుర్తు పెట్టింది.

మొన్న ఆదివారం పులిహోర చేశాను. వడ్డన దానిదే. తన కంచంలో గుట్టలా పోసుకుంది. నాకు ఒక్క గరిటె తీసి, పైన ఉబ్బుగా ఉన్నదాన్ని స్పూన్‌తో చదును చేసి, మిగిలిన నాలుగు మెతుకులూ తన కంచంలోకి లాక్కుంది. ఒక పల్లీ మాత్రం నాకు వదిలేసింది.