మండె కట్టిన కొర్రలు

షాపుల్లో 'లవ్ బర్డ్స్' అని అమ్మేవాటిలో ఎక్కువభాగం లవ్ బర్డ్స్ కావు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. మన ఊళ్లలో పచ్చగానో నీలంగానో, రెక్కల మీద నల్లగీతలతో కనిపించేవి బడ్జరిగార్లు. వాటి పుట్టిల్లు ఆస్ట్రేలియా. జాన్ గూల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త 1840లో వాటిని ప్రాణాలతో ఇంగ్లండు తీసుకెళ్లాడు. అక్కణ్ణుంచి ఊరూరా పాకి, చివరికి రాజాం పక్కనున్న మా ఇంటి వసారాలోకి ఓ జత వచ్చి చేరింది. రామచిలకని తేవచ్చు కదా అని తాత అడిగితే, దాన్ని పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమని చెప్పాను. "మరైతే పరదేశం పిట్టకి సట్టం లేదేటే?" అన్నాడు. దానికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

పిట్టలతోపాటు షాపులో ఇచ్చింది కొర్రలు. చాలా ఇళ్లలో వాటికి జీవితాంతం అవే. ఎండు గింజలో పిండిపదార్థం ఉంటుంది గానీ విటమిన్ ఏ దాదాపు ఉండదు, కాల్షియం చాలదు. మూడు పూటలా ఉత్త అన్నం తిన్నట్టన్నమాట (మన మెస్‌లో కనీసం చారైనా పోస్తారు). అదే గింజ మొలకెత్తితే లెక్క మారుతుంది. నీళ్లు తాగిన గింజలో ఎంజైములు మేల్కొని పిండిని చక్కెరగా విడగొడతాయి, కొన్ని విటమిన్లు పెరుగుతాయి, గింజ మెత్తబడుతుంది.

మొలకలు కట్టడానికి యూట్యూబ్ అక్కర్లేదు. నలభై ఏళ్లు వరి విత్తనం మండె కట్టిన మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. పట్నం నుంచి వచ్చిన మిత్రుల కోసం చెబుతున్నా: వడ్లని ఒక రోజు నానబెట్టి, నీళ్లు వంచేసి, తడి గోనెసంచిలో మూటకట్టి, గడ్డి కప్పి బరువు పెట్టి ఇంకో రోజు ఉంచుతారు. లోపల వేడి పుడుతుంది. ముక్కు పగిలి తెల్లమొన కనబడగానే ఆకుమడిలో చల్లుతారు. అదీ మండె. తాతకి మోకాళ్లు అరిగిపోయి, రెండేళ్లుగా భూమి కౌలుకిచ్చాం. కౌలు చేసే ఆయన మండె ఆయనే కట్టుకుంటాడు. అప్పట్నుంచి తొలకరి వస్తే తాత వసారాలో కూర్చుని మబ్బు చూడ్డం తప్ప ఇంకేం చేసేవాడు కాదు. పలకరిస్తే 'ఊఁ' అనేవాడు, అంతే.

నా గిన్నెలో రెండు చెంచాల కొర్రలు చూసి నవ్వాడు. "ఇదేటే గుంటా, మండేనా?" అన్నాడు. ఆ తర్వాత గిన్నె నా చేతిలో లేదు.

మొదట నీళ్లలో వేసి తేలిన తాలు తీసేశాడు. ఆ తాలు, మొలవని చచ్చు గింజలే మూటంతా కుళ్లబెడతాయట. తిండి కోసం అమ్మే కొర్రలు, చోళ్లు, గంటెలే వాడాలి. విత్తనాల దుకాణంలో దొరికే రంగు పూసిన విత్తనం ముట్టుకోకూడదు, అది మందు పట్టించింది. రాత్రి నానబెట్టి పొద్దున్నే వంచేసి, టీ జల్లెడలో వేసి తడిగుడ్డ కప్పాలి. రోజుకి మూడు సార్లు మంచినీళ్లతో కడిగి, నీళ్లు పూర్తిగా ఓడిపోనివ్వాలి. గుడ్డ తడిగా ఉండాలి, అడుగున నీరు నిలవకూడదు. వరి మండెకి వేడి కావాలి, దీనికి గాలి కావాలి. తాత ఈ తేడా రెండు రోజుల్లో పట్టేశాడు. మొన గింజంత పొడవు కూడా రాకముందే పెట్టెయ్యాలి. మన వానాకాలం ఉక్కలో రెండు మూడు గంటలు దాటితే పంజరంలో మిగిలింది తీసి పారెయ్యాల్సిందే.

ఇంట్లో పెద్ద గొడవ బూజు దగ్గర వచ్చింది. రెండో రోజుకి చోళ్ల మీద తెల్లటి నూగు కనబడితే అమ్మ పారబోయమంది. పసిపిల్లల అంబలికి చోళ్లు మొలకెత్తించి ఎండబెట్టి పిండి పట్టించిన మనిషి ఆవిడ, కాబట్టి ఆవిడ మాట తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. తాత వాసన చూసి కాదన్నాడు. భూతద్దం పెట్టి చూశాను. నూగంతా ఒక్కో వేరు చుట్టూ బ్రష్‌లా ఉంది. అవి వేరు నూగు వెంట్రుకలు. బూజైతే గింజకీ గింజకీ మధ్య సాలెగూడులా అల్లుకుంటుంది, ముక్కిపోయిన కంపు కొడుతుంది, బూడిదరంగుకో నల్లగానో తిరుగుతుంది. అనుమానం వస్తే మాత్రం పారెయ్యడమే. రెండు చెంచాల కొర్రల కోసం పిట్ట ప్రాణం పందెం కాయకూడదు.

ఇంకో సంగతి చాలామంది చెప్పరు. ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతాల్లో వానపడి గడ్డిగింజ లేతగా దొరికే రోజుల్లోనే ఇవి గుడ్లు పెడతాయి. మెత్తటి మొలక రోజూ దొరికితే వాటికి మన వసారాలో కూడా వానాకాలమే. మా పెట్ట ఒక విడత పిల్లల్ని పెంచి, వెంటనే రెండో విడత పెట్టింది. గుడ్డు పెంకుకి కాల్షియం ఒంట్లోంచే పోవాలి. అది అడుగంటితే గుడ్డు లోపలే ఇరుక్కుని పెట్ట చచ్చిపోవచ్చు. గుడ్లు పొదగడానికి 18 రోజులు, పిల్లలు గూడు దాటడానికి ఇంకో నెల. ఆ నెలంతా మొలకలు మంచివే, తల్లి నోట్లోంచి పిల్లల నోట్లోకి పోతాయి. పిల్లలు ఎగిరాక కుండ తీసేసి, మొలకలు వారానికి రెండుసార్లకి తగ్గించి, కటిల్‌బోన్ వేలాడదీశాం. తాతకి అది నచ్చలేదు. "బాలింతకి తిండి తగ్గిస్తారేటే?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పెట్ట మూడో విడత పెట్టలేదు. ఇప్పుడు గట్టిగా ఉంది, మొగుణ్ణి ముక్కుతో పొడుస్తోంది కూడా.

సెమిస్టర్ మొదలై నేను హాస్టల్‌కి వచ్చేశాను. కొత్త కొర్రలు తెచ్చినప్పుడల్లా నూరు గింజలు లెక్కపెట్టి మొలకెత్తించి చూడమని చెప్పి వచ్చాను. మొన్న తాతే ఫోన్ చేశాడు. "ఈపాలి కొర్రలు మంచివే, నూటికి తొంభైమూడు మొలిసేయి" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మన కౌలోడి వడ్లు కూడా నూరు తెచ్చి కట్టి సూసేను. డెబ్బై దాటలేదే. ఆ ఇత్తనం మార్చమని సెప్పేను. ఏటనుకున్నాడో, రేపు పొద్దున్న మండె కట్టేటప్పుడు వచ్చి కూకోమన్నాడు. ఆటో మాటాడేను" అన్నాడు.