మెట్లు మిగిలిన వీధులు

న్యూ ఆర్లియన్స్ వెళ్లినవాళ్లు ఫ్రెంచ్ క్వార్టర్ చూసి, జాజ్ విని వచ్చేస్తుంటారు. నేను మేనల్లుణ్ణి బతిమాలి సెయింట్ క్లాడ్ అవెన్యూ మీదుగా ఇండస్ట్రియల్ కెనాల్ వంతెన దాటించాను. అవతల ఉన్నది లోయర్ నైన్త్ వార్డు. 2005 ఆగస్టు 29న కత్రినా హరికేన్ వచ్చిన ఉదయం ఈ కాలవ గోడ తెగింది. ఆ గండిలోంచి ఒక పెద్ద బార్జి ఇళ్ల మీదికి కొట్టుకొచ్చింది.

క్లెయిబోర్న్ అవెన్యూ దాటి ఉత్తరానికి వెళ్తే వీధులున్నాయి, మూలమూలకీ పేర్ల బోర్డులున్నాయి, చాలాచోట్ల ఇళ్లే లేవు. నడుమెత్తు గడ్డి మధ్య అక్కడక్కడ మూడు నాలుగు సిమెంటు మెట్లు కనిపిస్తాయి. అవి ఎక్కితే పైన ఏమీ ఉండదు. 2000 జనాభా లెక్కల్లో ఈ పేటలో 14 వేల మంది ఉన్నారు. 2010కి మూడు వేల మంది కూడా లేరు.

దివిసీమ ఉప్పెన కబుర్లు వింటూ పెరిగినవాణ్ణి కనుక అంతా గాలీ నీళ్లూ చేసిన పనే అనుకుంటూ వెళ్లాను. 1977లో మా వైపు సముద్రమే ఊళ్ల మీద పడింది. ఇక్కడ మాత్రం కూలినవి మనుషులు కట్టిన గోడలు. నగరంలో 80 శాతం మునిగింది. కరకట్టల రూపకల్పనలోనే లోపాలున్నాయని వాటిని కట్టించిన ఆర్మీ ఇంజనీర్ల విభాగమే 2006లో ఒప్పుకుంది.

ఒక పసుపురంగు ఇంటి వరండాలో కూర్చున్న పెద్దావిడ చెయ్యూపి పిలిచింది. డెబ్బై దాటి ఉంటాయి. ఆ ఇల్లు వాళ్ల తాత కట్టింది. ఈ పేటలో నల్లజాతి కుటుంబాలు చాలావరకు సొంత ఇళ్లలోనే ఉండేవి. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి పిల్లలకు నోటిమాట మీదే ఇళ్లు దక్కేవి. తుఫాను తర్వాత సాయానికి దరఖాస్తు పెట్టబోతే, ‘ఇల్లు నీ పేరున ఉందా?’ అన్నారట. ఇంట్లో వాటా ఉన్నవాళ్లు హ్యూస్టన్‌లో ఒకరు, షికాగోలో ఒకరు, ఆచూకీ తెలియనివాళ్లు మరికొందరు. ఆ బంధువులందరి సంతకాలు పోగుచేసేసరికి ఏళ్లు గడిచాయి.

“ఇల్లు పాడైపోయినా మా స్థలం ఉందిగా బాబూ. ఆదివారం ఆదివారం మడత కుర్చీ తెచ్చుకుని ఇక్కడే కూర్చునేదాన్ని. అటు వెళ్లేవాళ్లు ఆగి పలకరించేవాళ్లు. ఎవరెక్కడున్నారో అలా తెలిసేది” అంది. అలా కలిసిన వాళ్లే తర్వాత ఒకరి ఇంట్లో బురద ఒకరు ఎత్తారు, బూజు పట్టిన గోడ పలకలు ఊడబెరికారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కాలేజీ పిల్లలు చేయి వేశారు. ప్రభుత్వం కన్నా ముందు వచ్చింది వీళ్లే.

ప్రభుత్వ సాయం లెక్క వింటే నాకు కడుపు మండింది. ‘రోడ్ హోమ్’ అనే పథకంలో, తుఫానుకు ముందు ఇంటి ధర, బాగుచేతకయ్యే ఖర్చు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్నే లెక్కలోకి తీసుకున్నారు. లక్ష డాలర్లు పెడితే గాని నిలబడని ఇంటి ధర 60 వేలైతే, లెక్క 60 వేల దగ్గరే ఆగిపోయేది. నల్లవాళ్ల పేటల్లో ఇళ్ల ధరలు తక్కువ. మేకులకీ కలపకీ మాత్రం అన్ని పేటల్లోనూ ఒకటే ధర. దీని మీద ఇళ్లవాళ్లు కొందరు 2008లో కోర్టుకెక్కారు. 2011లో 6.2 కోట్ల డాలర్ల రాజీ కుదిరింది. అప్పటికే చాలామంది వేరే ఊళ్లలో స్థిరపడిపోయారు.

మర్నాడు నగరం తూర్పు కొసన ఉన్న వియత్నామీల పేటకు వెళ్లాం. ఒకసారి సొంత దేశమే వదిలి వచ్చినవాళ్లు వీళ్లు. మేరీ క్వీన్ ఆఫ్ వియత్నాం చర్చిని ఆసరా చేసుకుని, తుఫాను వచ్చిన కొద్ది వారాలకే గుంపుగా తిరిగొచ్చారు. వచ్చినవాళ్ల జాబితా చూపించి కరెంటు తెప్పించుకున్నారు. తుఫాను చెత్త పోయడానికి పక్కనే తెరిచిన డంపింగ్ యార్డును పోరాడి 2006లో మూయించారు. వాళ్ల ఐకమత్యం మెచ్చుకోదగ్గదే. కానీ లోయర్ నైన్త్ వాళ్లకు ఐకమత్యం లేదనడం అన్యాయం. వాళ్లను నెలల తరబడి సొంత వీధుల్లో రాత్రి ఉండనివ్వలేదు. నీళ్లూ కరెంటూ అందరికన్నా ఆలస్యంగా ఇచ్చారు. గుమిగూడనిస్తేగా కలిసి నిలబడేది!

మన కోస్తాలోనూ తాతల పేర్ల మీదే ఉండిపోయిన ఇళ్లు ఎన్నో. మీదీ అలాంటిదైతే వచ్చే తుఫాను కాలం దాకా ఆగకండి. వారసులంతా కూర్చుని పేరు మార్పించుకోండి. కాగితాల నకళ్లు ఒక జత పై ఊళ్లో ఉన్న బంధువు దగ్గర దాచండి.