హుద్‌హుద్ తర్వాత, తెగే లైను మీద

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. అప్పట్లో నేను నగరంలోని ఒక ఆసుపత్రిలో కంప్యూటర్లు, సర్వర్లు చూసుకునేవాణ్ణి. గాలి తగ్గేసరికి ఊళ్లో కరెంటు లేదు, ఫోన్లు పలకడం లేదు, రోడ్లకు అడ్డంగా చెట్లూ స్తంభాలూ పడి ఉన్నాయి. ఆసుపత్రి జనరేటరు మీద నడుస్తోంది. డీజిలు మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. అందుకని ఐసీయూకూ ఆపరేషన్ థియేటరుకూ పోగా, సర్వరు గదికి రోజులో కొన్ని గంటలే కరెంటు ఇచ్చేవారు.

అందరికన్నా ఎక్కువ అవస్థ పడ్డది డయాలసిస్ రోగులు. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్ జరగకపోతే వాళ్లకు ప్రాణం మీదికొస్తుంది. ప్రతిసారీ కరెంటుతో పాటు ఒక్కొక్కరికి వంద లీటర్లకు పైగా శుద్ధి చేసిన నీళ్లు కావాలి. కుళాయిలే రాని ఊళ్లో అదెన్నాళ్లు సాగుతుందో ఎవరూ చెప్పలేకపోయారు. దారులు తెరుచుకోగానే కొందరిని హైదరాబాదులోని మా శాఖకు పంపాలని డాక్టర్లు నిర్ణయించారు. రోగితో పాటు కేసు షీట్లు, రక్తపరీక్షలు, స్కాన్లు, మందుల మోతాదులు కూడా అక్కడికి చేరాలి. అవన్నీ మా సర్వర్లలో ఉన్నాయి.

ఫైబరు లైను తెగిపోయింది. కొన్ని టవర్లు లేచాక ఒక డేటా కార్డు పనిచేయడం మొదలుపెట్టింది. మిగిలిన ఆ కాసిని టవర్ల మీదే ఊరంతా ఆధారపడి ఉంది. మామూలు రోజుల్లో ముప్పై నలభై మిల్లీసెకన్లలో హైదరాబాదు నుంచి వచ్చే జవాబు ఇప్పుడు మూడువందలు, ఒక్కోసారి వెయ్యి దాటేది. కొన్ని ప్యాకెట్లకు జవాబే ఉండేది కాదు.

మొదట అందరూ చేసేదే చేశాం. వీపీఎన్ కలిపి, షేర్డ్ ఫోల్డరు తెరిచి, ఫైలు కాపీ పెట్టాం. ఆకుపచ్చ గీత ముప్పావు వంతు దాకా వెళ్లి నిలిచిపోయేది. కాసేపటికి నెట్‌వర్కు దొరకడం లేదని పెట్టె పడేది. మళ్లీ పెడితే మొదటి బైటు నుంచే. జనరేటరు ఆపే వేళ దగ్గరపడుతుంటే ఆ గీతను చూస్తూ కూర్చోవడం ఎంత నరకమో నాకు తెలుసు. వార్డు బయట ఒకావిడ రోజూ అడిగేది: "బాబూ, నాన్నగారి కాగితాలు హైదరాబాదు చేరాయా?" ఇంకా లేదమ్మా అని చెప్పడానికి నోరు వచ్చేది కాదు.

తర్వాత రోబోకాపీ. విండోస్‌తోనే వస్తుంది. జెడ్ ఆప్షన్ పెడితే తెగిన చోట నుంచి అందుకుంటుంది. ఒకసారి తీశాక ఇక మారని స్కాన్లకు అది బాగానే పనికొచ్చింది. కానీ రోజూ మారే ఫైలులో ఒక్క ముక్క మారినా మొత్తం ఫైలును మళ్లీ పంపుతుంది. పైగా షేర్డ్ ఫోల్డరు పద్ధతిలో ప్రతి చిన్న ఫైలుకూ అటూ ఇటూ చాలా సంప్రదింపులు జరగాలి. ఒక్కో ఫైలుకు అయిదుసార్లు అనుకుందాం. పదివేల చిన్న ఫైళ్లుంటే, మూడువందల మిల్లీసెకన్ల లైను మీద కేవలం ఎదురుచూపుకే నాలుగు గంటలు దాటుతుంది.

చివరికి రెండు వైపులా ఒక్కో లైనక్సు లాప్‌టాప్ పెట్టి ఆర్‌సింక్‌కు మారాం. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ 1996లో విడుదల చేసిన పనిముట్టు అది. ఒకే పుస్తకం రెండు ఊళ్లలో ఉన్నప్పుడు ఫోనులో పుస్తకమంతా చదివి వినిపించక్కర్లేదు, తేడా ఉన్న పేజీలు చెబితే చాలు. ఆర్‌సింక్ చేసేది అదే. అందుకునే వైపు తన పాత ఫైలును ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక చిన్న లెక్క కట్టి పంపుతుంది. పంపే వైపు తన ఫైలును బైటు బైటుగా జరుపుతూ ఆ లెక్కలతో పోల్చుకుని, లేనిదే పంపుతుంది. ఒక గిగాబైట్ ఫైలయితే ముక్క దాదాపు 32 కిలోబైట్లు. ముక్కలు ముప్పై వేలకు పైనే, కానీ వాటి లెక్కలన్నీ కలిపినా ఒక మెగాబైటు కూడా కాదు.

అయితే ఆర్‌సింక్‌ను కూడా తెగే లైనుకు తగ్గట్టు బిగించుకోవాలి. ఊరికే వదిలేస్తే, మధ్యలో తెగినప్పుడు అప్పటిదాకా వచ్చిన సగం ఫైలును అది చెరిపేస్తుంది. పార్షియల్ ఆప్షన్ పెడితే సగం ఫైలు ఉంటుంది గానీ, అవతల ఉన్న పాత పూర్తి ఫైలు స్థానంలో కూర్చుంటుంది. రోగి రికార్డుల విషయంలో అది ప్రమాదం. పార్షియల్-డిర్ పెట్టి సగం ఫైళ్లను వేరే ఫోల్డరులో ఉంచితే పాతదీ భద్రం, వచ్చిందీ భద్రం. లైను చచ్చిపోయినా తెలియక వేలాడకుండా టైమవుట్ పెట్టాం. డాక్టర్ల మెసేజీలకు దారి ఉండాలని వేగానికి హద్దు పెట్టాం. తెగితే కాసేపాగి మళ్లీ మొదలెట్టే చిన్న స్క్రిప్టు రాశాం.

డేటాబేసు దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. రోజూ డంపు తీసి జిజిప్‌తో కుదించి పంపడం మా ఆసుపత్రి ఆనవాయితీ. కుదించిన ఫైలులో మొదట్లో ఒక్క వరుస మారినా అక్కడి నుంచి చివరిదాకా బైట్లన్నీ మారిపోతాయి. ఆర్‌సింక్‌కు కలిసే ముక్క ఒక్కటీ దొరకదు. డంపును కుదించకుండా ఉంచి, దారిలో మాత్రమే కుదించమని ఆర్‌సింక్‌కే చెప్పాం. గంటలు పట్టే పని నిమిషాల్లోకి వచ్చింది.

పాత స్కాన్ల గుట్ట మాత్రం ఆ లైను మీద కదిలేది కాదు. వాటిని హార్డ్ డిస్కులోకి ఎక్కించి, బస్సులు తిరగ్గానే మనిషి చేతికిచ్చి పంపాం. 500 గిగాబైట్ల డిస్కు పద్నాలుగు గంటల్లో చేరితే, లెక్కకు అది సెకనుకు 79 మెగాబిట్ల లైనుతో సమానం. డిస్కు దిగాక ఆర్‌సింక్ ఆ మధ్యలో వచ్చిన తేడాలనే పంపింది.

రోగులు హైదరాబాదులో చేరాక రెండు వైపులా రాతలు మొదలయ్యాయి. ఆర్‌సింక్ ఒక వైపు నుంచి ఇంకో వైపుకే పంపుతుంది, రెండో వైపు రాసిందాన్ని లెక్కచేయదు. అందుకని కేసు షీట్ల ఫోల్డరుకు యూనిసన్ పెట్టాం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో బెంజమిన్ పియర్స్ బృందం చేసినది. ఒకే ఫైలు రెండు చోట్లా మారితే దేన్నీ ముట్టుకోకుండా ఆగి అడుగుతుంది. ఒక రోగి షీటులో ఇక్కడ హెపారిన్ మోతాదు మార్చారు, అక్కడ డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు) మార్చారు. యూనిసన్ ఆగింది. మా డాక్టరుగారిని అడిగాను.

"మేడమ్, ఈ షీటు రెండు చోట్లా మారింది. ఏది ఉంచమంటారు?"

"రెండూ ఉంచండి. అక్కడి డాక్టరుతో మాట్లాడి నేనే కలుపుతాను."

కొత్త తేదీ ఉన్నదే గెలిచే పద్ధతిలో ఒక మార్పు చప్పుడు లేకుండా పోయేది. డయాలసిస్‌లో ఏ మార్పు పోయినా ప్రమాదమే. అప్పట్లో యూనిసన్‌కు రెండు వైపులా ఒకే వెర్షను ఉండి తీరాలి, అదొక్కటే ఇబ్బంది.

ఊరు కుదుటపడ్డాక ఈ పనిముట్లన్నిటినీ వరసగా పరీక్షించాం. లైనక్సులోని నెటెమ్‌తో మంచి లైనును కావాలని పాడుచేయవచ్చు. 300 మిల్లీసెకన్ల ఆలస్యం, నూటికి రెండు ప్యాకెట్ల నష్టం పెట్టాం. టీసీపీకి ప్రసిద్ధమైన మాథిస్ సూత్రం ప్రకారం ఆ స్థితిలో ఒక కనెక్షను సెకనుకు సుమారు 330 కిలోబిట్లే మోయగలదు. పది మెగాబిట్ల లైను కొన్నా అంతే. అందుకే ప్యాకెట్లు పోయే చోట ఎక్కువ డబ్బు పెట్టి వెడల్పు లైను తీసుకున్నంత మాత్రాన పని జరగదు. పంపేదే తగ్గించాలి, లేదా అనేక కనెక్షన్లు నడపాలి, లేదా ఆస్పెరా లాంటి యూడీపీ పనిముట్టుకు వెళ్లాలి. సింక్‌థింగ్ అనే ఇంకో పనిముట్టును తర్వాత చూశాం. మధ్యలో సర్వరు అక్కర్లేదు, అందిన ముక్కలను దాచుకుంటుంది, రెండు చోట్లా మారితే రెండో ప్రతిని వేరే పేరుతో ఉంచుతుంది. చిన్న ఆఫీసులకు అది నయం.

కాబట్టి పనిముట్టు ఎంచుకునేవాళ్లు వేగం పట్టిక చూసి ఆగిపోవద్దు. మూడే పరీక్షలు పెట్టండి. పెద్ద ఫైలు సగంలో ఉండగా కేబులు పీకి మళ్లీ పెట్టండి, మొదటికొస్తుందా చూడండి. పెద్ద ఫైలులో ఒక్క వరుస మార్చి ఎన్ని బైట్లు వెళ్లాయో చూడండి. ఒకే ఫైలును రెండు వైపులా మార్చి ఎవరి మాట నిలిచిందో చూడండి. బంగాళాఖాతంలో పెద్ద తుఫాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబరు, నవంబరుల్లో. ఆసుపత్రి అయినా, బ్యాంకు అయినా, పంచాయతీ ఆఫీసు అయినా సెప్టెంబరులోగా ఈ పరీక్షలు పూర్తిచేసుకోండి.