అద్దె ఇంటికీ ఎండలో వాటా

జర్మనీలో సగం మందికి పైగా అద్దె ఇళ్లలోనే ఉంటారు. న్యూరెంబర్గ్‌లో నేనూ అద్దెకే ఉంటున్నాను. మూడో అంతస్తు, దక్షిణం వైపు బాల్కనీ. దాని కమ్మీలకు రెండు సోలార్ ప్యానెళ్లు బిగించాను. వాటి నుంచి ఒక చిన్న ఇన్వర్టర్‌కు, అక్కడి నుంచి గోడ సాకెట్‌కు ఒక వైరు. ఎండ ఉన్నంతసేపు ఫ్రిజ్, వైఫై, లాప్‌టాప్ ఆ కరెంటుతోనే నడుస్తాయి. చాలకపోతే మామూలుగా మీటరు నుంచి వస్తుంది.

ఇక్కడ ప్యానెళ్లు దొరకడం ఎప్పుడూ పెద్ద కష్టం కాదు. కష్టమల్లా అనుమతిదే. మా ఇంటి యజమాని మొదట వద్దన్నారు, భవనం అందం చెడుతుందని. 2024 మేలో వచ్చిన చట్టం 800 వాట్ల వరకు ఇలాంటి బాల్కనీ సెట్లకు నమోదును బాగా సులువు చేసింది. అదే ఏడాది అక్టోబరులో అద్దె చట్టాన్నే సవరించారు. తగిన కారణం చూపకుండా యజమాని కాదనడానికి ఇక వీల్లేదు. మళ్లీ ఉత్తరం రాశాను. గాలికి ఊడిపడకుండా బిగించాలి, బీమా ఉండాలి అన్న రెండు షరతులతో ఒప్పుకున్నారు. 2025 నాటికి దేశంలో ఇలా నమోదైన సెట్లు పది లక్షలు దాటాయి.

మా అక్కా బావా బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో అద్దెకుంటారు. ఐటీపీఎల్ రోడ్డుకూ కుందలహళ్లి గేటుకూ మధ్య ఉన్న ఆ అపార్ట్‌మెంట్లలో సాయంత్రం పూట కింద నడిస్తే కడప, నెల్లూరు, అనంతపురం యాసలన్నీ వినిపిస్తాయి. ఈసారి వెళ్లినప్పుడు అక్క అడిగింది: "నువ్వు ఆ చలిదేశంలో పెట్టుకున్నావు కదరా, ఇంత ఎండున్న ఊళ్లో మాకెందుకు కుదరదు?" ఆవిడ అప్పటికే ఓనర్‌ని అడిగి చూసిందట. "రేపు మీరు ఖాళీ చేస్తే ఆ బొక్కలెవరు పూడుస్తారమ్మా? టెర్రస్ సంగతి నా చేతిలో లేదు, అసోసియేషన్‌ని అడగండి" అన్నారట ఆయన. అసోసియేషన్ వాళ్లేమో ఓనర్‌తో అడిగించమన్నారు.

నా బాల్కనీ పద్ధతిని అక్కడికి ఎత్తుకెళ్తే సరిపోదు. ఇది అందరూ తెలుసుకోవాల్సిన విషయం, ఎందుకంటే ఈ మధ్య మనవాళ్లు చాలామంది జర్మనీ వీడియోలు చూసి ఆశ పడుతున్నారు. న్యూరెంబర్గ్ 49 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మధ్యాహ్నం సూర్యుడు ఎప్పుడూ దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి నిలువుగా వేలాడే ప్యానెల్‌కూ ఎండ బాగానే తగులుతుంది. బెంగళూరు 13 డిగ్రీల మీద ఉంది. వేసవిలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, కొన్ని నెలలు ఉత్తరానికి జరుగుతాడు. పైవాళ్ల బాల్కనీ నీడ కింద, నిలువు కమ్మీకి కట్టిన ప్యానెల్‌కు అప్పుడు దక్కేది కొంచెమే. ఇంకో ప్రమాదం మీటరుతో. దొంగతనం అరికట్టడానికి మన దగ్గర చాలా మీటర్లను కరెంటు ఎటు పారినా వాడకంగానే లెక్కగట్టేలా తయారు చేశారు. అనుమతి లేకుండా సాకెట్‌లో పెడితే, మనం వాడకుండా లైనులోకి వెళ్లిన యూనిట్లకూ మనమే డబ్బు కట్టాల్సి రావచ్చు. పైగా కరెంటు పోతే ఈ ఇన్వర్టర్లు తమంతట తామే ఆగిపోవాలి, లేకపోతే స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణానికి ముప్పు.

అద్దెకున్నవాళ్లు ఇవాళే చేయగలిగిన చిన్న పని ఒకటుంది. కరెంటు కోతల కోసం చాలా ఇళ్లలో యూపీఎస్, బ్యాటరీ ఉంటాయి. ఎండ తగిలే చోటు కాస్త దొరికితే, ఆ బ్యాటరీకి సోలార్ చార్జ్ కంట్రోలర్ ద్వారా ఒకటి రెండు ప్యానెళ్లు కలిపించుకోవచ్చు. లైనులోకి కరెంటు పంపడం లేదు కాబట్టి మీటరుతో గొడవ లేదు. ఇల్లు మారినప్పుడు సామానుతో పాటు తీసుకెళ్లవచ్చు. కాకపోతే దాంతో ఫ్యాన్లూ లైట్లూ నడుస్తాయి, ఇంటి బిల్లు పెద్దగా తగ్గదు.

బిల్లు తగ్గాలంటే కప్పు కావాలి. కేంద్రం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్లు లక్ష్యంగా పెట్టుకుని, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది. మంచి పథకమే, కానీ సొంత డాబా ఉన్నవాళ్లకు. అపార్ట్‌మెంట్ల కోసం అందులోనే ఇంకో వీలుంది. ఉమ్మడి అవసరాలకు, అంటే లిఫ్టులు, నీటి మోటార్లు, మురుగునీటి శుద్ధి వంటివాటికి, నివాసుల సంఘాలకు కిలోవాట్‌కు 18,000 చొప్పున 500 కిలోవాట్ల వరకు ఇస్తారు. మోటార్లూ శుద్ధి యంత్రాలూ పగలే ఎక్కువ నడుస్తాయి కాబట్టి ఆ కరెంటు అక్కడికక్కడే ఖర్చవుతుంది. మెయింటెనెన్స్ తగ్గితే, దాన్ని నెలనెలా కట్టే అద్దెదారుకూ మేలు.

అరవై ఫ్లాట్ల భవనాన్ని లెక్కలోకి తీసుకోండి. నీళ్ల ట్యాంకులూ సోలార్ హీటర్లూ పోను 5,000 చదరపు అడుగుల టెర్రస్ మిగిలిందనుకుందాం. కిలోవాట్‌కు వంద చదరపు అడుగుల చొప్పున 50 కిలోవాట్లు పడతాయి. బెంగళూరు ఎండకు కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్లు. నెలకు 6,000 యూనిట్లు, ఇంటికి వంద. చిన్న కుటుంబానికి అది తక్కువేం కాదు. ఇరవై అంతస్తుల టవర్‌కైతే టెర్రస్ అదే, ఇళ్లు ఎన్నో రెట్లు. అక్కడ ఈ లెక్క నిలవదు.

అందుకే వర్చువల్ నెట్ మీటరింగ్ నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. ప్లాంటు ఒకచోట ఉంటుంది. అందులో పండిన యూనిట్లను వాటాదారుల బిల్లుల్లో ఎవరి వాటా ప్రకారం వారికి తగ్గిస్తారు. ఢిల్లీ దీనికి 2019లోనే మార్గదర్శకాలు తెచ్చింది. కర్ణాటక విద్యుత్ నియంత్రణ కమిషన్ 2025లో అనుమతించింది. అమెరికాలో మిన్నెసోటా 2013లోనే ఇలాంటి ఉమ్మడి సౌర తోటలకు చట్టం చేసింది. వేరొకరి కప్పు మీది ప్లాంటులో వాటా తీసుకుని బిల్లు తగ్గించుకునే వీలు కల్పిస్తూ సండేగ్రిడ్స్ అనే అంకుర సంస్థ బెంగళూరులోనే పుట్టింది.

సొంతదారుకు భూమి, వాడుకునేవారికి ఎండ అనే ఏర్పాటు మనవాళ్లకు కొత్తేమీ కాదు. కర్ణాటకలో తెలుగు మాట్లాడే పావగడ చుట్టుపక్కల రైతులు పొలాలు అమ్మకుండా దీర్ఘకాలపు కౌలుకిచ్చారు. దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు లేచింది. పొలాన్ని కౌలుకివ్వగలిగితే బడి డాబానూ గోదాము రేకులనూ ఇవ్వలేమా?

ఇక అద్దెదారు పేరు మీద మీటరు లేదు కదా అంటారు. కర్ణాటక గృహజ్యోతి పథకం 2023లో ఆ చిక్కును విప్పింది. 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటును అద్దెదారులకూ వర్తింపజేసి, ఓనర్ పేరున ఉన్న ఆర్‌ఆర్ నంబరుకు, అంటే కరెంటు కనెక్షన్ నంబరుకు, వాళ్లు ఆధార్ జతచేసుకోనిచ్చారు. ఇల్లు మారితే పాతది విడదీసి కొత్తదానికి కలుపుకుంటున్నారు. సౌర వాటాకూ ఇదే పద్ధతి పెట్టాలి. బ్రూక్‌ఫీల్డ్ నుంచి జయనగర్‌కు మారినా వాటా కూడా కదలాలి. పదకొండు నెలల ఒప్పందంతో బతికేవాళ్లు అంతకన్నా తక్కువ హామీకి డబ్బు పెట్టరు, పెట్టమనడం న్యాయమూ కాదు.

మిగిలింది టెర్రస్. 1972 నాటి కర్ణాటక అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం ప్రకారం సంఘంలో సభ్యులు ఫ్లాట్ యజమానులే. అక్క మెయింటెనెన్స్ కడుతుంది, వార్షిక సమావేశంలో చెయ్యెత్తలేదు. ఆ చెయ్యెత్తే హక్కున్నవాళ్లలో చాలామంది జర్మనీలోనో, అమెరికాలోనో, సింగపూర్‌లోనో ఈ మాటలు చదువుతున్న మనవాళ్లే. బ్రూక్‌ఫీల్డ్‌లో, వైట్‌ఫీల్డ్‌లో ఫ్లాట్ కొని అద్దెకిచ్చి వచ్చినవాళ్లు. కాబట్టి అడిగేది మిమ్మల్నే. ఈ ఏడాది సంఘం సమావేశానికి ముందు టెర్రస్ మీద సోలార్ అంశాన్ని ఎజెండాలో పెట్టమని ఒక మెయిల్ రాయండి. సూర్యఘర్ రాయితీకి దరఖాస్తు చేయమనండి. మీ ఫ్లాట్ వాటాకొచ్చే యూనిట్లు అందులో ఉంటున్నవారి బిల్లులోనే తగ్గుతాయని అద్దె ఒప్పందంలో ఒక్క వాక్యం చేర్చండి.