మోసేది ముందు

డిగ్రీ చదివే మా అబ్బాయి సెలవుల్లో పనికెళ్లి 35 వేలు కూడబెట్టాడు. గేములాడే కంప్యూటర్‌కు విడిభాగాలు మేమిద్దరం కూర్చుని ఎంచాం. వాడి మనసంతా గ్రాఫిక్స్ కార్డు మీదే. అది కొంటే మిగతావాటికి చాలదు. వాడి ముఖం చిన్నబోయింది. చివరికి గ్రాఫిక్స్ లోపలే ఉండే రైజెన్ 5 5600జి తీసుకున్నాం. అది ర్యామ్‌నే పంచుకుంటుంది కనుక 16 జీబీ ఒకే ముక్క కాక, 8 జీబీవి రెండు వేశాం. రెండు దారులుంటే ఆట మరింత సాఫీగా నడుస్తుంది. తెరకు పాత టీవీ చాలు. మా ఊళ్లో కరెంటు నిలకడగా ఉండదు. అందుకే పవర్ సప్లయ్ దగ్గర మాత్రం పైసా తగ్గించలేదు. అది చెడితే వాడి కష్టమంతా కాలిపోవచ్చు. కార్డు పెట్టే చోటు ఖాళీగానే ఉంది, వచ్చే సెలవుల కోసం. మెరిసేది ఆగగలదు ప్రియులారా, మోసేది ఆగలేదు.