ఆలూరులో మూడంగుళాల బండిచక్రం

ఆదోని నుంచి ఆలూరు బస్సెక్కితే దారి పొడవునా ఎక్కువగా నల్లరేగడే. తడిస్తే చెప్పులు లాగేసుకుంటుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. 1953 దాకా ఈ తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. అందుకేనేమో ఇక్కడి సంతలో తెలుగు మొదలుపెట్టినవాళ్లు కన్నడంలో ముగిస్తారు.

నేను వెళ్లేసరికి ఏరువాక పున్నమి దాటి పది రోజులైంది. కన్నడసీమలో ఆ తర్వాతి అమావాస్యకి మట్టి ఎద్దులు చేసి పూజిస్తారు, మన్నెత్తిన అమావాస్య అని. మా మామ ఇంట్లో జేజి కూడా అరుగు మీద కూర్చుని అవే చేస్తోంది. ఒక ఎద్దుకి మూపురం పెద్దది, ఇంకోదానికి కొమ్ము వంకర. ఎవరూ పట్టించుకోరు, ఎద్దులన్నాక అట్లే ఉంటాయి.

చక్రాలకి మాత్రం ఆ వెసులుబాటు లేదు. మామ కొడుక్కి బెంగళూరు నుంచి నాలుగు బుల్లి ఎద్దులబండ్ల ఆర్డర్ వచ్చింది. ఆ డబ్బు చేతికొస్తే పత్తి విత్తనాలకి అప్పు చేయక్కర్లేదు. వంకర చక్రమైతే బండి కుంటుతుంది, ఆర్డర్ వెనక్కొస్తుంది.

అయిదడుగుల చక్రాన్ని ఇరవయ్యో వంతుకి తగ్గిస్తే మూడంగుళాలు. పన్నెండు ఆకులూ ఒకేలా చెక్కడం ఎవరివల్ల అవుతుంది? వాడు చక్రాన్ని ఆరు ముక్కలుగా ఆలోచించాడు. ఒక్కో ముక్కలో అంచు వంపు కొంచెం, రెండు ఆకులు. నాలుగు బండ్లు, ఎనిమిది చక్రాలు, నలభై ఎనిమిది ముక్కలు.

"ఒక్కటి బాగా చెక్కితే చాలు బావా, మిగతావి అచ్చే చూసుకుంటాది" అన్నాడు.

ముందు రేగడి మట్టితోనే చూశాడట. ఆరేటప్పుడు ముడుచుకుపోయి పగిలింది. అందుకని పైపుల లీకులకి వాడే ఎం-సీల్. రెండు ముద్దలు సమంగా కలిపి, వేపచెక్కతో చెక్కిన ముక్కకి కొబ్బరినూనె పల్చగా పూసి, పౌడరు చల్లి, ముద్దలోకి నిటారుగా నొక్కాడు. కిటుకంతా చెక్కముక్క ఆకారంలోనే ఉంది: ముఖం వైపు సన్నంగా, వెనకవైపు కాస్త వెడల్పుగా ఉండాలి. లోపల ఎక్కడైనా వెడల్పైతే కొక్కెంలా పట్టుకుంటుంది, బయటికి రాదు. రాత్రంతా గట్టిపడనిచ్చి, తెల్లారి ఆ గుంటకీ నూనె, పౌడరు పట్టించి కొత్త ముద్ద నొక్కడమే. పొంగినదాన్ని బ్లేడుతో కోసేయాలి. మీరూ ట్రై చేస్తే చేతులకి గ్లవ్స్ మర్చిపోవద్దు.

ఇదేం యూట్యూబ్ పుట్టించిన విద్య కాదు. సంగారెడ్డి దగ్గర కొండాపూర్ తవ్వకాల్లో సాతవాహనుల నాటి తెల్లమట్టి బొమ్మలు దొరికాయి. ముందుకొక అచ్చు, వెనక్కొక అచ్చు, రెండూ అతికించి లోపల బోలుగా చేసినవి. నాకైతే వాటికన్నా ఈ వేపచెక్క ముక్కే ముద్దొచ్చింది, చెప్తే చరిత్ర మాస్టార్లు తిడతారేమో.

నాలుగు అచ్చులు, పన్నెండు విడతలు. కాగితం మీద వృత్తాలు గీసి ముక్కలు పేర్చుతుంటే మామ వచ్చి నిలబడ్డాడు. సొంత బండి అమ్మేసి చాలా ఏళ్లయింది. మాట్లాడకుండా ఒక చక్రం ఎత్తి, మధ్య కుండలో పుల్ల గుచ్చి తిప్పాడు. కళ్లు చిన్నవి చేసి చూశాడు.

"ఇరుసు సీల పెట్టల్యా?"

వాడు తల గోక్కున్నాడు. ఇంకో బుల్లి అచ్చు కావాలి. మామ చాకు తీసుకుని ఆ సీల తానే చెక్కడానికి కూర్చున్నాడు.